కర్బనం పుట్టుక గురించి ఒక సందేహం: ఆ కాస్త శక్తి ఎక్కడి నుంచి వస్తుంది?

మన రక్తమాంసాల్లోని కర్బనమంతా నక్షత్రాల గర్భంలో మూడేసి హీలియం కేంద్రకాల కలయికతో పుట్టిందని చదివిన నాటి నుంచి ఒక సందేహం నన్ను వదలడం లేదు. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

రెండు హీలియం కేంద్రకాలు కలిస్తే ఏర్పడే బెరీలియం-8 సెకనులో లక్ష కోట్లవ వంతు కన్నా ఎంతో తక్కువ కాలంలోనే విడిపోతుంది. అయినా మూడో హీలియం దానిని అందుకోగలగడానికి కర్బనం-12లో దాని సాధారణ స్థితికి 7.65 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు, కేంద్రకాల శక్తిని కొలిచే ప్రమాణం) పైన ఉన్న ఉత్తేజిత స్థాయే, అంటే కేంద్రకం అదనపు శక్తితో ఉండే స్థితే, కారణమనీ, 1953లో ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్ ముందే సూచించిన ఈ స్థాయి ఆ తర్వాత ప్రయోగాల్లో రుజువైందనీ నాకు తెలుసు; విశ్వంలో కర్బనం సమృద్ధిగా ఉండటాన్ని బట్టి కేంద్రకం లోపలి సంగతిని ఊహించిన ఆ తీరు ఇప్పటికీ నన్ను అబ్బురపరుస్తుంది.

అర్థం కానిది ఇది. విడివిడిగా ఉన్న మూడు హీలియం కేంద్రకాల శక్తి అదే సాధారణ స్థితి నుంచి కొలిస్తే 7.27 ఎంఈవీ దగ్గరే ఉంటుంది కనుక, ఆ ఉత్తేజిత స్థాయిని చేరడానికి ఇంకా 0.38 ఎంఈవీ కావాలి. పది కోట్ల డిగ్రీల వేడిలో ఒక్కో కేంద్రకపు సగటు చలన శక్తి సుమారు 0.013 ఎంఈవీ మాత్రమే. అసాధారణ వేగంతో కదిలే అతి కొద్ది కేంద్రకాలే ఈ లోటును పూడుస్తాయా? అలా ఏర్పడిన ఉత్తేజిత కర్బనంలోనూ అత్యధిక భాగం తిరిగి విడిపోతుంటే, విశ్వంలో ఇంత కర్బనం ఎలా మిగిలింది?