అప్‌డేట్: చింతచెట్టు మీది బూడిదరంగు మచ్చలు తెగులు కాదు

గత నెల అడిగాను గుర్తుందా? మా వీధి చివర ముసలి చింతచెట్టు బెరడంతా బూడిదరంగు పొలుసులు పట్టాయి, తెగులేమో అని. కాలనీవాళ్ళు గీకేసి సున్నం కొడతామన్నారు, నాకు టెన్షన్ పట్టుకుంది.

తెగులు కాదండీ, లైకెన్. శిలీంధ్రమూ నాచూ కలిసి కాపురం చేసే జీవి. బెరడు దానికి నిలబడే చోటు మాత్రమే, చెట్టు రసం పీల్చదు. మీరు చెప్పినట్టే మగ్గుతో కాసిని నీళ్ళు చల్లాను. చూస్తుండగానే ఆ బూడిదరంగు పచ్చబడింది! తడికి పైపొర పారదర్శకమై లోపలి నాచు కనిపిస్తుందట. పక్కింటి అంకుల్‌ని పిలిచి మళ్ళీ చల్లి చూపించాను.

అరుదైన లోబేరియా పల్మొనేరియా అనే లైకెన్ దొరికిందని మొదట్లో ఎగిరాను కదా, అది తప్పు. అది యూరప్‌లాంటి చోట్ల, తేమగా ఉండే పాత అడవుల చెట్ల మీద, ఊపిరితిత్తిలా గుంటలు పడిన వెడల్పాటి ఆకుల్లా పెరుగుతుంది. మనది బెరడుకు అంటుకుపోయిన పెచ్చు. జాతి పేరు ఇంకా తేలలేదు.

ఇది తెగులు కాదంటే అంకుల్ ఒప్పుకోలేదు. చివరికి అమ్మ మసాలా డబ్బాలోంచి రాతిపువ్వు తీసి చూపించి, "అన్నయ్యగారూ, బిర్యానీలో వేసేదీ ఇలాంటిదేనట" అంది. ఆయన వాసన చూసి నవ్వేశారు.

సున్నం ఆగింది, కానీ అప్పటికే రోడ్డువైపు మూరెడు మేర గీకేశారు. ఏడాదికి కొద్ది మిల్లీమీటర్లే పెరిగేది, అక్కడ మళ్ళీ ఎప్పటికి వస్తుందో.