వేసవి నవధాన్యాలు: రెండో ఏడూ వేయాలంటే రైతుకు ఏం కనపడాలి?

అనంతపురం ఎర్రనేలల్లో వేరుశనగకు ముందు, ఏప్రిల్–మే నెలల్లో పొడి దుక్కిలో నవధాన్యాలు (నేలను బాగుచేయడానికి కలిపి చల్లే రకరకాల విత్తనాలు) వేసే పద్ధతి గురించి అడుగుతున్నాను. విత్తనాన్ని బీజామృతంతో (ఆవు పేడ, మూత్రం, సున్నంతో చేసే విత్తనశుద్ధి ద్రావణం) తడిపి, జల్లించిన బంకమట్టి, ఘనజీవామృతం (పేడ, మూత్రం, బెల్లం, పప్పుపిండి కలిపి ఆరబెట్టిన ఎరువు) పొడి, చివర్లో బూడిద పట్టించి నీడలో ఆరబెడుతున్నారు. పూత సరిగా పట్టకపోతే గింజను చీమలు ఎత్తుకుపోతాయి, చిన్న జల్లుకే మొలిచి మాడిపోతుంది. ఎకరాకు 400 కిలోల ఘనజీవామృతం వేసి, పైన ఆచ్ఛాదన, అంటే నేలను కప్పే ఎండు చెత్త, పరుస్తున్నారు.

చిక్కంతా ఆచ్ఛాదన దగ్గరే. వేరుశనగ కట్టె, అంటే కాయ కోశాక మిగిలే ఎండు మొక్క, పశువుల మేత. దాన్ని నేలమీద పరవమంటే ఎవరు ఒప్పుకుంటారు? మొలకలు జానెడు లేచేసరికి గొర్రెల మందలు దిగుతాయి, చుట్టుపక్కల పచ్చగా ఉండేది ఆ ఒక్క చేనే కదా. కౌలు రైతుకైతే వచ్చే ఏడు ఆ చేను చేతిలో ఉంటుందన్న నమ్మకమే లేదు. నేల బాగుపడుతుందన్న ఒక్క మాటతో ఆయన్ను నిలబెట్టలేం.

మీ ఊళ్లలో రెండో, మూడో ఏడూ వదలకుండా వేసినవాళ్లు ఏం చూసి వేశారు? కోసుకున్న పచ్చిమేత కోసమా, ఎరువు ఖర్చు తగ్గినందుకా, వానలు ముఖం చాటేసినా నవధాన్యాలు వేసిన పక్క చేను వాడిపోకపోవడం చూసా? కాపరులతో మాట ఎలా కుదుర్చుకున్నారు? కట్టెకు బదులు ఏం పరిచారు, ఎంత మందం? కౌలుదారులను ఒప్పించినవాళ్లుంటే దయచేసి వివరంగా రాయండి.