న్యూట్రినో బరువు 'తేల్చేశారు' అనొచ్చా?

ప్రశ్న: 2025 ఏప్రిల్‌లో జర్మనీలోని కార్ల్స్‌రూహే నుంచి కాట్రిన్ ప్రయోగం కొత్త ఫలితం ఇచ్చింది. న్యూట్రినో (విద్యుదావేశం లేని, అతి తేలికైన కణం) ద్రవ్యరాశి 0.45 ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తినీ ద్రవ్యరాశినీ కొలిచే ప్రమాణం) లోపేనట. దీనికి 'న్యూట్రినో బరువు తేల్చేశారు' అని శీర్షిక పెడితే ఒప్పేనా అండీ? పోనీ 'అంచనా వేశారు' అంటే?

జవాబు: రెండూ కుదరవండీ. తేల్చడమంటే ఇదీ లెక్క అని చెప్పేయడం. అంచనా అంటే కాస్త అటూ ఇటూగా ఇంత అనడం. వాళ్లు చెప్పింది 'అంతకు మించదు' అని మాత్రమే.

అసలు పద్ధతి చూస్తే ఇది ఇంకా తెలుస్తుంది. ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) కేంద్రకం క్షయమైనప్పుడు దాదాపు 18,600 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిని ఎలక్ట్రాన్, న్యూట్రినో (సరిగ్గా చెప్పాలంటే ప్రతిన్యూట్రినో) పంచుకుంటాయి. న్యూట్రినోకు ద్రవ్యరాశి ఉంటే ఆ మేరకు శక్తి ముందే పక్కకు పోతుంది, ఎలక్ట్రాన్‌కు మొత్తం ఎన్నడూ దక్కదు. అంటే ఎలక్ట్రాన్ల శక్తి గ్రాఫు చిట్టచివర కాస్త ముందే తెగిపోవాలి. న్యూట్రినోను ఎవరూ పట్టుకోరు, చూసేదంతా ఆ కొసనే! అక్కడిదాకా వచ్చే ఎలక్ట్రాన్లు బహు అరుదు కాబట్టి 259 రోజుల డేటా కావలసి వచ్చింది. అయినా ఆ తేడా కనపడలేదు. కాబట్టి ఉన్నదేదో 0.45 కంటే చిన్నదే.

ఇదే ప్రయోగం 2019లో 1.1 అంది, 2022లో 0.8 అంది. 'తేల్చారు' అంటూ ఈ మూడు వార్తలూ వరసగా రాస్తే పాపం న్యూట్రినో ఏటేటా చిక్కిపోతోందనుకుంటారు.

మరొకరు: 'మించదు' బాగుంది. దానికి జోడీగా 'తగ్గదు' కూడా కావాలి. న్యూట్రినోలు దారిలో ఒక రకం నుంచి ఇంకో రకానికి మారుతున్నాయని 1998లో జపాన్‌లోని సూపర్ కామియోకాండే ప్రయోగం చూపించింది. ద్రవ్యరాశుల్లో తేడా లేనిదే అలా మారవు. ఆ డోలనాల (రకాలు మారడాల) లెక్కన మూడు న్యూట్రినోల్లో బరువైనది 0.05కి తగ్గదు.

జవాబు: నిజమే, కానీ రెండు క్రియలకూ కర్త ఒకటి కాదండోయ్. 0.05 బరువైనదానికి, 0.45 మూడూ కలిసిన ఒకరకం సగటుకు. అంత పెద్ద విలువ దగ్గర మూడూ ఇంచుమించు సమానమే కాబట్టి వార్తలో ఇబ్బంది రాదు. విశ్వపరిశీలనల సంగతి వేరు. 2024లో డెసి సర్వే (గెలాక్సీల పటం గీసే ప్రాజెక్టు) వాళ్లు చెప్పిన 0.072 మూడింటి మొత్తం మీద పరిమితి, అదీ వాళ్లు వాడిన విశ్వ నమూనా సరైనదైతేనే. అక్కడ 'అయితే' లేకుండా 'మించదు' రాయకూడదు.

ప్రశ్న అడిగినవారు: కాట్రిన్ 0.45 కూడా 90 శాతం నమ్మకంతో చెప్పిందే కదా. 'మించకపోవచ్చు' అనాలా?

జవాబు: వద్దు, అది మరీ నీళ్లు నమిలినట్టుంటుంది. శీర్షికలో 'మించదు' ఉంచి, 90 శాతం సంగతి మొదటి పేరాలోనే రాసేయండి.