సందేహం: నీలిరంగు రాక్షసులు, వాళ్ల అరచేతిలో మనుషులు. ఈ పాత యానిమేషన్ సినిమా ఏది?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. సుమారు ఇరవై ఏళ్ల క్రితం హైదరాబాద్‌లో ఒక ఫిల్మ్ క్లబ్ వాళ్లు వేస్తే ఈ సినిమా సగం చూశాను. మధ్యలో కరెంటు పోయింది. చివరి బస్సు దొరకదేమోనని లేచి వచ్చేశాను. గుర్తున్నది ఇంతే: ఒళ్లంతా నీలంగా, కళ్లు ఎర్రగా ఉండే పెద్ద పెద్ద జీవులు. మనుషులు వాళ్ల అరచేతిలో పట్టేంత. మొదట్లోనే, చంటిబిడ్డను ఎత్తుకుని పరుగెత్తే తల్లిని ఒక నీలం చెయ్యి చీమను తోసినట్టు వేలితో తోసేస్తుంది. ఆ వేలు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. "అడల్ట్ యానిమేషన్" అని వెతికితే బూతు సైట్లే వస్తున్నాయి. ఇంట్లో పిల్లలున్నారు, అదొక టెన్షన్. పేరు చెప్పగలరా? ఇలాంటి పాతవి ఎలా వెతుక్కోవాలి?

జవాబు:
అది ఫెంటాస్టిక్ ప్లానెట్ అండీ. 1973లో వచ్చింది, 72 నిమిషాలు. ఫ్రెంచి పేరు ల ప్లానెట్ సోవాజ్. దర్శకుడు రెనే లలూ, బొమ్మల రూపకల్పన రోలాఁ తొపోర్. సినిమా ఫ్రెంచిదే గానీ బొమ్మలు కదిలించింది ప్రాగ్‌లోని యిర్జీ త్రన్కా స్టూడియోలో. ఆ ఏడాది ఫ్రాన్స్‌లోని కాన్ సినిమా ఉత్సవంలో ప్రత్యేక బహుమతి వచ్చింది. మీరు చెప్పిన నీలం జీవులు డ్రాగ్‌లు, మనుషులు ఓమ్‌లు.

ఈసారి చూసేటప్పుడు ఆ జీవుల ఒంటి మీద గీతలు గమనించండి. కాగితం మీద గీసి, కత్తిరించిన బొమ్మలను కెమెరా కింద కొంచెం కొంచెంగా మారుస్తూ తీశారు. అందుకే పెన్నుతో గీసిన సన్నటి నీడ గీతలు కదలికలో కూడా అలాగే ఉంటాయి. నడక కాస్త బిగుసుకుపోయినట్టు అనిపిస్తుంది. నాకైతే ఆ బిగువు వల్లే డ్రాగ్‌లంటే అంత భయం వేసింది.

ఇక వెతకడం సంగతి. "అడల్ట్" అనే మాట వదిలెయ్యండి. ఒక సినిమా నచ్చితే దాన్ని ఎవరు తీశారు, ఏ స్టూడియో, ఏ పద్ధతి అని చూసి ఆ పేర్లు పట్టుకుని వెళ్లండి. ఈ లలూ, తొపోర్ జంటే 1965లో నత్తల మీద ఒక చిన్న సినిమా తీసింది, పేరు లెజెస్కార్గో. పంట ఎదగక రైతు ఏడిస్తే ఆ కన్నీళ్లకు మొక్కలు ఏపుగా పెరుగుతాయి, తర్వాత నత్తలు కొండంత అవుతాయి. పది నిమిషాల పైచిలుకు, అంతే. ముందు అది చూడండి.

ఇంకో కిటుకు. ఇంగ్లీషు పేరుతో దొరకనివి అసలు పేరుతో దొరుకుతాయి. వికీపీడియా పేజీలో మూలభాష పేరు ఉంటుంది, కాపీ చేసి అదే వెతకండి. హంగరీ దర్శకుడు మార్సెల్ యాంకోవిచ్ 1981లో తీసిన సన్ ఆఫ్ ద వైట్ మేర్ నాకు అలాగే దొరికింది. ఫోన్‌లో మాత్రం చూడకండి, ఆ సినిమా అంతా రంగే. పాత వెలిసిన ప్రింటు కూడా వద్దు, పునరుద్ధరించిన ప్రతి వచ్చింది.

మరొక సభ్యురాలు:
ఒక మాట చెప్పాలి. కార్టూనే కదా అని మా ఆరేళ్ల బాబుకి కుందేళ్ల సినిమా వాటర్‌షిప్ డౌన్ పెట్టాను. కుందేళ్లు రక్తాలు కారేలా కొట్టుకుంటుంటే వాడు వెక్కివెక్కి ఏడ్చాడు, రెండు రాత్రులు నిద్రపోలేదు. 1978లో బ్రిటన్‌లో అందరూ చూడొచ్చని సర్టిఫికెట్ ఇచ్చిన సినిమా అది. 2022లో గానీ మార్చలేదు. సర్టిఫికెట్‌ను నమ్ముకోకుండా ముందు మీరు చూడండి. జపాన్ వాళ్ల బెల్లడోనా ఆఫ్ సాడ్‌నెస్ (1973) నీటిరంగుల బొమ్మలతో అద్భుతంగా ఉంటుంది. కానీ అందులో అత్యాచారం ఉంది, పిల్లల దరిదాపుల్లో వద్దు.

జవాబు:
మేడమ్ చెప్పింది నిజం. అందరూ కలిసి చూడాలంటే జర్మనీ దర్శకురాలు లోటె రైనిగర్ 1926లో తీసిన ప్రిన్స్ అహ్మద్ సాహసాలతో మొదలుపెట్టండి. మాది అనంతపురం వైపు, చిన్నప్పుడు నిమ్మలకుంట వాళ్ల తోలుబొమ్మలాట చూస్తూ పెరిగాను. రైనిగర్ నల్లటి నీడబొమ్మల మోచేయి కీలు దగ్గర కదలడం చూడగానే మా ఊరి తెర గుర్తొచ్చింది. మన బొమ్మల్లో రంగు ఉంటుంది, ఆవిడ బొమ్మలు మొత్తం నలుపు. కీలు పనితనం మాత్రం ఒక్కటే.

డబ్బు పెట్టకుండా, దొంగ కాపీల జోలికి పోకుండా చూడాలంటే కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డ్ వాళ్ల సైటు మంచిది, చాలావరకు ఉచితం. గుజరాత్‌లో పుట్టిన ఇషు పటేల్ అక్కడ 1977లో తీసిన బీడ్ గేమ్ చూడండి. వేల పూసలను పేరుస్తూ, జరుపుతూ తీశారు. పూసల జీవి ఇంకో పూసల జీవిని మింగుతుంటుంది. ఐదారు నిమిషాల్లో కథ యుద్ధం దాకా వెళ్తుంది. ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. అదే బోర్డులో కరోలిన్ లీఫ్ వెలుగుతున్న గాజు మీద ఇసుక పోసి, వేళ్లతో జరుపుతూ బొమ్మలు కదిలించారు. కొత్త బొమ్మ కోసం పాత బొమ్మను చెరిపేయాల్సిందే, వెనక్కి వెళ్లి దిద్దుకునే వీలు లేదు. ఆ సంగతి తెలిసి చూస్తే ఒక్కో ఫ్రేము దగ్గర ఊపిరి బిగబట్టాల్సి వస్తుంది.

ఇంకొకటి, నీనా పేలీ దాదాపు ఒంటిచేత్తో తీసిన సీతా సింగ్స్ ద బ్లూస్ (2008). ఆవిడే హక్కులు వదిలేశారు, దర్జాగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

అడిగినవారు:
నిన్న రాత్రి పిల్లలు పడుకున్నాక పూర్తిగా చూశాను. నాకు కరెంటు పోయింది, ఆ నీలం పిల్ల తను పెంచుకునే మనిషి మెడపట్టీతో వెనక్కి లాగే దగ్గర. ఇన్నేళ్లూ వాడు అక్కడే ఉండిపోయాడనుకున్నాను. వాడు వాళ్ల చదువు యంత్రాన్ని ఈడ్చుకుంటూ పారిపోతాడట! అడవిలో ఉన్న మనుషులందరూ దాని దగ్గర చేరి చదువుకుంటుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అందరికీ చాలా థాంక్స్. ఈ ఆదివారం నత్తల సినిమా.