పోరంకిలో పాత ఫ్లాట్ కొనే ముందు ఏమేం అడగాలి?

అమ్మానాన్నల కోసం విజయవాడ పోరంకిలో మూడో అంతస్తులో రీసేల్ ఫ్లాట్ చూశాం. మెయింటెనెన్స్ చదరపు అడుక్కి నెలకు 3 రూపాయలు, అంటే 1,400 అడుగులకు 4,200. జనరేటర్ డీజిల్ విడిగానట. కార్పస్ ఫండ్ (పెద్ద ఖర్చుల కోసం అందరి దగ్గరా వసూలు చేసి దాచిన డబ్బు) ఎంతుందో అసోసియేషన్ సెక్రటరీ గారు తేల్చి చెప్పడం లేదు. కొనకముందే లెక్కలు చూపించమని అడగొచ్చా? పాత ఓనర్ బకాయిలు మా మీద పడకుండా నో డ్యూస్ లెటర్ తీసుకుంటే సరిపోతుందా?

నా అసలు టెన్షన్ సెల్లార్ గురించి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వాళ్లు ఎంత అవస్థ పడ్డారో చూశాం కదా. ఇక్కడ కరెంటు ప్యానెల్, మోటార్లు, జనరేటర్ అన్నీ సెల్లార్‌లోనే ఉన్నాయి. నాన్నకు మోకాళ్ల నొప్పులు, లిఫ్ట్ ఆగిపోతే మెట్లు ఎక్కలేరు. మీ అపార్ట్‌మెంట్‌లో వాటిని పైకి మార్పించి ఉంటే, ఖర్చు అందరూ ఎలా పంచుకున్నారో దయచేసి చెప్పండి.