అమ్మ గ్రీన్ కార్డు వదులుకుంటే తమ్ముడి పిటిషన్ ఏమవుతుంది? ఆమెను వదులుకోనివ్వాలా?

డాలస్ పెద్దకొడుకు:

నా అమెరికా పౌరసత్వం ఆధారంగా మా అమ్మకు 2016లో గ్రీన్ కార్డు వచ్చింది. మరుసటి సంవత్సరం ఆమె, హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న మా తమ్ముడి కోసం ఐ-130 (దగ్గరి బంధువును అమెరికాకు రప్పించుకునే) పిటిషన్ వేసింది. అప్పటికి అతనికి ఇరవై ఒక్క ఏళ్ళు దాటాయి, పెళ్ళి కాలేదు. అందువల్ల ఎఫ్2బీ (గ్రీన్ కార్డు ఉన్నవారి పెళ్ళికాని పెద్ద సంతానం) తరగతిలో ఆమోదం లభించింది. నాన్నగారు లేరు. ఇన్నాళ్ళూ ఏటా చలికాలం నాలుగైదు నెలలు తెనాలిలో, మిగిలిన కాలం మా ఇంట్లో గడిపిన అమ్మ, ఇక తన వల్ల కాదని, కార్డు తిరిగి ఇచ్చేసి, మనవలను చూడాలనిపించినప్పుడు విజిటర్ వీసా మీద వస్తానని అంటోంది. పగలంతా ఇంట్లో ఎవరూ ఉండరు, ఆమెకు కారు నడపడం రాదు, నోరారా మాట్లాడే మనిషి కోసం ఆదివారం గుడికి వెళ్ళేదాకా ఎదురుచూస్తుంది. పిటిషన్‌కు ఆమోదం వచ్చేసింది కనుక అమ్మ హోదాతో దానికి ఇక సంబంధం లేదని కొందరు, ఉందని కొందరు చెబుతున్నారు. ఉన్నట్లయితే ఆమెను ఆపే హక్కు మాకు ఉందా అన్నది నా రెండో ప్రశ్న.

గోదావరి వాసి:

ఆమోదపత్రం చేతికి వచ్చాక వరుసలో నిలబడింది మీ తమ్ముడు, మీ అమ్మగారు కాదు. పిటిషన్ వేసిన రోజున ఆమెకు హోదా ఉంది, తల్లీకొడుకుల బంధం నిజమైనది, ప్రభుత్వం రెండింటినీ పరిశీలించి ఒప్పుకుంది. ఆ తరువాత ఆమె ఎక్కడ కాపురం ఉంటే ఎవరికేమిటి? అరవై ఎనిమిదేళ్ళ మనిషిని సొంత ఊరికి వెళ్ళనివ్వండి.

ఎడిసన్ గుమాస్తా:

ఇమ్మిగ్రేషన్ న్యాయవాది దగ్గర ఇటువంటి కాగితాలు సిద్ధం చేయడమే నా పని కనుక, గోదావరి వాసి గారి మాటతో ఏకీభవించలేను. ఆమోదం వచ్చినా, తమ్ముడు ఇమ్మిగ్రెంట్ వీసా మీద అమెరికాలో అడుగుపెట్టేదాకా ఆ పిటిషన్ తల్లిగారి హోదా మీదే ఆధారపడి ఉంటుంది. పిటిషనర్ శాశ్వత నివాస హోదా చట్టబద్ధంగా ముగిసిపోతే, ఆ వ్యక్తి అమెరికా పౌరసత్వం పొంది ఉంటే తప్ప, ఆమోదం దానంతట అదే రద్దవుతుందని ఫెడరల్ నిబంధనల్లో 8 సీఎఫ్ఆర్ 205.1 స్పష్టంగా చెబుతోంది. అధికారి విచక్షణకు అందులో తావు లేదు. గ్రీన్ కార్డు హోదా వదులుకునే ఐ-407 ఫారం మీద ఆమె సంతకం చేసి పంపితే తమ్ముడి దారి అక్కడితో మూసుకుపోతుంది.

అంతకన్నా బాధాకరమైనది ప్రయారిటీ డేట్, అంటే వరుసలో చోటును నిర్ణయించే పిటిషన్ తేదీ సంగతి. తరువాత మనసు మారితే మీరు మీ అమ్మగారికి మళ్ళీ పిటిషన్ వేయవచ్చు. పౌరుల తల్లిదండ్రులకు వీసాల సంఖ్య మీద పరిమితి లేదు కనుక ఆమెకు కార్డు మళ్ళీ రావచ్చు. కానీ ఆమె తమ్ముడి కోసం వేసే కొత్త పిటిషన్‌కు 2017 నాటి తేదీ రాదు. అదే పిటిషనర్ అదే వ్యక్తికి అదే తరగతిలో రెండోసారి వేస్తే పాత తేదీ నిలుస్తుందన్న నిబంధన ఒకటి ఉన్నా, రద్దయిన పిటిషన్లను అందులోనుంచి మినహాయించారు. ఏ తేదీ దాకా వంతు వచ్చిందో నెలనెలా ప్రకటించే వీసా బులెటిన్లలో 2025లో ఎఫ్2బీ వరుస 2016 నాటి తేదీల దగ్గర నడిచింది. ఇన్నేళ్ళు ఎదురుచూసి, గుమ్మం దాకా వచ్చిన తరువాత సంతకం చేస్తున్నారని మీ అమ్మగారికి తెలియాలి. తెలిసీ చేస్తే అది ఆమె నిర్ణయం.

కూకట్‌పల్లి సోదరి:

నేను ఆ వరుసలో నిలబడి ఉన్న మనిషిని కనుక రెండో ప్రశ్నకు సమాధానం చెప్పే అర్హత ఉందనుకుంటున్నాను. మా అమ్మ నాకోసం అక్కడ ఉంటోంది. ఎఫ్2బీలో ఉన్నవాళ్ళు పెళ్ళి చేసుకుంటే పిటిషన్ అక్కడికక్కడే రద్దవుతుంది, ఎందుకంటే గ్రీన్ కార్డు ఉన్నవారు పెళ్ళయిన సంతానానికి పిటిషన్ వేసే తరగతే చట్టంలో లేదు. దానితో వచ్చిన ప్రతి సంబంధం దగ్గరా మా ఇంట్లో బులెటిన్ చూడడం, "ఇంకొక్క ఏడాది ఆగుదాం" అనడం ఆనవాయితీ అయింది. అమ్మ నాకోసం అక్కడ బందీ, నేను ఆమె త్యాగం వృథా కాకూడదని ఇక్కడ బందీ. మీ తమ్ముడికి నిజంగా రావాలని ఉందా అని ఎవరైనా అడిగారా? ఇరవై రెండేళ్ళప్పుడు ఉన్న కోరిక ముప్పై దాటాక ఉండాలని లేదు. అతను వద్దంటే ఈ చర్చే అనవసరం.

గోదావరి వాసి:

నిబంధన అలాగే ఉందనుకుందాం. అది న్యాయమేనా? పిటిషనర్ మరణిస్తే మానవతా దృష్టితో పిటిషన్‌ను పునరుద్ధరించమని అడిగే వీలుంది, తల్లి స్థానంలో అన్న స్పాన్సర్‌గా నిలబడవచ్చు. చనిపోయిన తల్లి పిటిషన్ మీద చూపే దయ, బతికి ఉండి సొంత ఇంటికి వెళ్ళాలనుకున్న తల్లి పిటిషన్ మీద చూపరు. ఈ తేడాకు సమర్థన నాకు కనిపించదు. అందుకే నా సలహా ఇది: కార్డు తిరిగి ఇవ్వవద్దు, తెనాలిలోనే ఉండమనండి, ఆరు నెలలకొకసారి వచ్చి ఒక వారం ఉండి వెళితే హోదా నిలుస్తుంది. చాలామంది చేస్తున్నదే.

ఎడిసన్ గుమాస్తా:

అన్యాయం అన్న మాటలో మీతో నాకు విభేదం లేదు. మరణించిన పిటిషనర్ విషయంలోనూ ఆ పునరుద్ధరణ అధికారుల విచక్షణే తప్ప హక్కు కాదు; అయినా తలుపు తట్టడానికి ఒక తలుపు ఉంది. హోదా వదులుకున్నవారి పిల్లలకు అదీ లేదు. ఈ మార్పు కోసం అడగవలసినదే.

కానీ మీ సలహా ప్రమాదకరమైనది. ఆరు నెలలకొకసారి ముఖం చూపిస్తే చాలన్నది మనవాళ్ళలో పాతుకుపోయిన అపోహ. నివాసాన్ని విడిచిపెట్టారా లేదా అన్నది ఉద్దేశాన్ని బట్టి తేలుస్తారు: ఇల్లు ఎక్కడ, పన్నులు ఏ హోదాలో కడుతున్నారు, ఎందుకు వెళ్ళారు, ఎప్పటికి తిరిగి రావాలనుకున్నారు అని చూస్తారు. ఏడాదిలో పదకొండు నెలలు తెనాలిలో ఉండే మనిషి అమెరికా నివాసి అని చెప్పడం కష్టం. మరొక చిక్కు కూడా ఉంది. తమ్ముడి వంతు వచ్చినప్పుడు ఐ-864 ఆర్థిక హామీపత్రం మీద పిటిషనర్ అయిన తల్లే సంతకం చేయాలి, ఆమె స్థిరనివాసం అమెరికాలో ఉండాలి. మీరు జాయింట్ స్పాన్సర్‌గా (తోడు హామీదారుగా) నిలబడినా ఆమె బాధ్యత తొలగిపోదు. అంటే పేరుకు కాపాడుకున్న హోదా చివరి మెట్టు దగ్గర అక్కరకు రాకపోవచ్చు.

విమానాశ్రయంలో అధికారి ఐ-407 ముందు పెడితే సంతకం చేయాలన్న నిర్బంధం లేదని మాత్రం ప్రతి పెద్దవారికీ నేర్పి పంపండి. నిరాకరిస్తే ఇమ్మిగ్రేషన్ జడ్జి ముందుకు పంపవచ్చు, అక్కడ హోదాను విడిచిపెట్టారని బలమైన సాక్ష్యంతో రుజువు చేయవలసిన భారం ప్రభుత్వానిది. తుది ఉత్తర్వు వచ్చేదాకా హోదా ఉన్నట్లే, కనుక పిటిషన్ కూడా ఉన్నట్లే. అలసటతో, భాష తెలియక, పక్కన ఎవరూ లేక పెట్టిన ఒక్క సంతకం ఆ రక్షణ మొత్తాన్ని తుడిచిపెట్టేస్తుంది.

ఇక మీ కుటుంబానికి నేను చెప్పదలచినది పౌరసత్వం. అమ్మగారు పౌరురాలైతే పిటిషన్ అదే తేదీతో ఎఫ్1 (పౌరుల పెళ్ళికాని పెద్ద సంతానం) తరగతికి మారుతుంది. ఎఫ్1 వెనకబడి ఉంటే ఎఫ్2బీలోనే కొనసాగుతామని కోరవచ్చు. ఆ తరువాత తమ్ముడు పెళ్ళి చేసుకున్నా పిటిషన్ చావదు, ఎఫ్3 (పౌరుల పెళ్ళయిన సంతానం) తరగతిలోకి వెళుతుంది. అక్కడ నిరీక్షణ ఎక్కువే, కానీ బతికే ఉంటుంది. ఆమె ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే) కార్డు తీసుకుని తెనాలిలో ఎంతకాలమైనా ఉండవచ్చు, కార్డు పోతుందన్న భయం ఉండదు. ఇండియాలో ఓటు, కొత్తగా వ్యవసాయ భూమి కొనే హక్కు పోతాయి. హామీపత్రం వేళకు అమెరికాలో మళ్ళీ కాపురం పెట్టే ఉద్దేశాన్ని చూపాలి. అసలు అడ్డంకి ఇంగ్లీషు పరీక్ష: యాభై అయిదేళ్ళు నిండినవారికి మినహాయింపు కావాలంటే గ్రీన్ కార్డు మీద పదిహేనేళ్ళు ఉండి ఉండాలి, అమ్మగారికి అన్నేళ్ళు కాలేదు.

కూకట్‌పల్లి సోదరి:

మా అమ్మ పదో తరగతి చదివింది. ఆ పరీక్షలో చదవమనేది, రాయమనేది ఒక్కొక్క చిన్న వాక్యమే. పౌరసత్వ దరఖాస్తు అయిన ఎన్-400 ఫారంలోని ప్రశ్నలను మా మేనకోడలు రోజూ వంటింట్లో గట్టిగా అడుగుతుంటే, అమ్మ కూర తరుగుతూ జవాబులు చెబుతోంది. చదువు రాదని మనమే ముందుగా తేల్చేయకూడదు.

డాలస్ పెద్దకొడుకు:

తమ్ముడిని అడిగాను. రావాలని ఉందని, అయితే అమ్మను బలవంతపెట్టి కాదని అన్నాడు. అన్నగా నా పేరు మీద ఎఫ్4 (పౌరుల తోబుట్టువుల తరగతి) పిటిషన్ ఈ వారమే వేస్తున్నాను. భారతీయులకు ఆ వరుస 2025లో కూడా 2006 దగ్గరే ఉందని తెలుసు, అయినా అది అమ్మ హోదాతో ముడిపడనిది. అమ్మ ఐ-407 ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టి, పౌరసత్వానికి ప్రయత్నిస్తానంది. గుమాస్తా గారూ, 2020లో విమానాలు ఆగిపోయినప్పుడు ఆమె ఆరు నెలలు దాటి తెనాలిలో ఉండిపోయింది. దరఖాస్తుకు అది అడ్డు వస్తుందా?

ఎడిసన్ గుమాస్తా:

దరఖాస్తుకు ముందున్న ఐదేళ్ళనే లెక్కలోకి తీసుకుంటారు కనుక 2020 ప్రయాణం దాని వెలుపల పడుతుంది. ఆ ఐదేళ్ళలో ఆరు నెలలు దాటిన గైర్హాజరు ఉంటే నివాసం తెగిందన్న అనుమానం వస్తుంది, ఆధారాలతో దాన్ని తొలగించవచ్చు. ఏడాది దాటితే రీఎంట్రీ పర్మిట్ (తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతిపత్రం) ఉన్నా సాధారణంగా తెగినట్లే. పాస్‌పోర్టు ముద్రలన్నీ చూసి తేదీలు రాసుకోండి, ఈ చలికాలం ప్రయాణం ఆరు నెలలలోపే ముగిసేలా టికెట్ తీయండి.