అప్‌డేట్: నాయన నడుం నొప్పి, డిస్క్ బల్జ్‌కు ఆపరేషన్ అవసరం పడలేదు

మా నాయనకు ఎమ్మారై స్కాన్‌లో ఎల్4-ఎల్5 డిస్క్ బల్జ్ (నడుం కింది భాగంలో రెండు వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి డిస్క్ బయటికి ఉబ్బడం) అని వచ్చింది, ఆపరేషన్ తప్పదా అని ఇక్కడ అడిగినాను. జవాబిచ్చినోళ్లందరికీ థ్యాంక్స్. అనంతపురంలో ఎముకల డాక్టరు కాళ్ల బలం, స్పర్శ, రిఫ్లెక్స్‌లు (మోకాలి కింద తడితే కాలు ఎగరడం లాంటివి) చూసి నరం దెబ్బతిన్న గుర్తులు లేవన్నారు. నొప్పే లేని పెద్దోళ్లలో కూడా బల్జ్ కనపడటం మామూలేనంట. అంతకుముందు విన్న మంచం దిగొద్దన్న సలహానే చెరుపు చేసింది, నడుం ఇంకా పట్టేసింది.

మీరు చెప్పిన నడకే పనిచేసింది. పూటకు 10 నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచాల. వెల్లకిలా పడుకొని, మోకాళ్లు మడిచి, పిరుదులెత్తి 5 సెకన్లు ఆపాల, 10 సార్లు. మరుసటి రోజు నొప్పి పెరిగుంటే సగానికి తగ్గించాల గానీ మానకూడదు. చెనక్కాయ మూటలు కూడా చిన్నవాటితో మొదలుపెట్టి ఇప్పుడు ఎత్తుతున్నాడు. నడుం బెల్టు, చెక్క బల్ల మీద పడక, వీటితో ఏ తేడా రాలేదు.

మూత్రం ఆగకపోయినా, రాకపోయినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, పాదం ఈడుస్తున్నా మాత్రం ఆ రోజే ఆస్పత్రికి పోండి.